దొంగ గొడుగులు

జూన్ 9

వదినకు,

చేరాను, తిన్నాను, నిద్రపోయాను. నువ్వు అడగబోయే ప్రశ్నలకి జవాబులు ముందే ఇచ్చేశాను కాబట్టి ఇక నా మాట విను. ఫోనులో అయితే నువ్వు నాకు సందివ్వవు. ఉత్తరమైతే చచ్చినట్టు చివరిదాకా చదువుతావు.

గది బాగుంది. కింద సైకిళ్ళు బాగుచేసే కొట్టు, పైన నేను. కిటికీ తెరిస్తే రబ్బరు వాసన, మూస్తే ఉక్కపోత. రబ్బరు వాసనకే ఓటేశాను. మంచం కాస్త కిర్రుమనేది గానీ, కాలి కింద అట్టముక్క మడిచి పెట్టాక నోరు మూసుకుంది.

ఇక ఉద్యోగం. గొడుగుల ఫ్యాక్టరీ అని చెప్పాను కదా. చేసేవాళ్ళు వేరు, మేం చూసేవాళ్ళం. పొడుగాటి హాలు, రెండు వరసల బల్లలు, ఒక్కో బల్ల మీద ఒక తెల్ల దీపం. గొడుగు తీసుకుని మీట నొక్కాలి. తెరుచుకున్నాక గుడ్డని దీపానికి ఎత్తి పట్టి కన్నాలు వెతకాలి. ఊచలు వేలితో తడమాలి. ఊచల కొనలకి గుడ్డ మూలలు దారంతో కట్టి ఉంటాయి, వాటిని లాగి చూడాలి. బాగుంటే కుడివైపు కట్టలోకి, బాగోకపోతే ఎడమవైపు ఎర్ర బుట్టలోకి. రోజంతా ఇదే. నీకు నవ్వొస్తుందని తెలుసు. నాకు మాత్రం భలే ఇష్టంగా ఉంది. మీట నొక్కగానే టప్పుమని విచ్చుకుంటుంది చూడు, పొద్దుటి నుంచి ఎన్నిసార్లు విన్నా విసుగు రాలేదు.

మా సూపర్‌వైజరు జేబులో ఎప్పుడూ భూతద్దం ఉంటుంది, అందుకని ఆయన పేరే భూతద్దం అయిపోయింది. ఆయన ఒక పని చేస్తారు. కావాలని పాడుచేసిన గొడుగులు కొన్ని మంచి వాటిలో కలిపి మా బల్లల మీదికి పంపిస్తారు. వాటిని దొంగ గొడుగులంటాం. పిడి చివర మూత తిప్పితే లోపల ఎర్ర చుక్క ఉంటుంది. ఆ మూత మేం తిప్పకూడదు, తిప్పితే ఆ రోజే ఇంటికి. సాయంత్రం మా కట్టలు ఆయన దగ్గరికి వెళ్తాయి. కుడివైపు కట్టలో చుక్క కనిపించిందా, దొంగ మన కళ్ళు కప్పి దాటినట్టు. వానాకాలం పోయేదాకా నన్ను పరీక్ష మీద ఉంచుతారు. ఆ తర్వాత ఉంచుకోవడమో, పంపేయడమో.

నువ్వు అలవాటు చేసిన సూదిదారం కాలరు వెనక గుచ్చుకునే ఉంటున్నాను. అన్నయ్యని అడిగానని చెప్పు. వింటే విన్నాడు.

నీ అర్ధమొగుడు,
ఆడపడుచు

జూన్ 21

గొడుగుల ఆడపడుచుకి,

అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. నువ్వు పట్టపగలు, కప్పు కింద, చినుకైనా లేకుండా పడుతున్నావు. దానికి జీతం కూడా ఇస్తున్నారంటే లోకంలో ఇంకా ధర్మం మిగిలే ఉంది. ఆడబిడ్డ అర్ధమొగుడని నువ్వే ఒప్పుకున్నావు కాబట్టి చెప్తున్నా, అసలు మొగుడితోనే వేగలేక చస్తుంటే నువ్వొక సగం.

ఇల్లు బాగుంది. పెళ్ళిళ్ళ బట్టలు కుప్ప పడ్డాయి, మిషను తొక్కీ తొక్కీ కాళ్ళు లాగుతున్నాయి. పని ఉంది కదా, సంతోషమే.

ఆ దొంగ గొడుగుల సంగతి మాత్రం నాకు బొత్తిగా నచ్చలేదు. పనిలోకి తీసుకున్నాక మళ్ళీ ఈ వేగుల వేషాలేమిటి? నేను కాపురానికొచ్చిన కొత్తలో మీ అమ్మ చాప కింద చిత్తుకాగితం ముక్క పెట్టి, చాప ఎత్తి ఊడుస్తానో లేదో చూసేది. ఆవిడ పోయి ఇన్నేళ్ళైనా ఇప్పటికీ చాప ఎత్తేటప్పుడు నా గుండె దడదడలాడుతుంది. నమ్మకం లేనిచోట ఎంత జీతమిస్తే మాత్రం ఏం లాభం? ఆలోచించుకో.

అలా తిట్టుకుంటూనే ఆ కిటుకు బుర్రలోకి ఎక్కించుకున్నాను. మీ అన్నగారి మీద ప్రయోగిద్దామని. బడిలో పిల్లల లెక్కల్లో సున్నా వంకరపోయినా ఎర్రసిరాతో చుట్టే మాస్టారు, ఇంటికొచ్చేసరికి నిమ్మకి నీరెత్తినట్టు కూర్చుంటారు. ముందు గదిలో నీలం తెరలు తీసి పసుపువి వేశాను. వారం చూసి చూసి నేనే అడిగితే "వెలుతురు బాగుంది" అన్నారు. నవ్వులాటకే రాస్తున్నాను గానీ, పిల్లా, ఒక్కోసారి నిజంగానే అనిపిస్తుంది. ఈ ఇంట్లో నా బదులు వేరే మనిషి తిరుగుతున్నా ఈయనకి తెలియదేమోనని.

అందుకని ఇవాళ ఆయన గళ్ళచొక్కాకి రెండో గుండీ తెంపేసి, ఇస్త్రీ చేసి కొక్కేనికి తగిలించాను. మన ఇంటి మొదటి దొంగ. చూద్దాం.

వేళకి తిను. కిటికీ తెరిచి పడుకోకు.

మీ వదిన

జూలై 6

వదినా,

ముందు మంచి కబురు. పోయిన వారం ఒక గొడుగు గుడ్డ దీపానికి ఎత్తగానే సూదిమొనంత చుక్కలు కనిపించాయి. తర్వాతి దానిలోనూ అవే. ఆ తర్వాతి దానిలోనూ. గట్టిగా కేకేశాను. ఆ తాను గుడ్డంతా ఆపేసి వెనక్కి పంపేశారు. భూతద్దం నా బల్ల దగ్గరకొచ్చి "మంచి కన్ను" అన్నారు. ఆయన నోట్లోంచి మంచి అనే మాట రావడం అపురూపమట. పక్కబల్ల అక్క మధ్యాహ్నం నాకు తన డబ్బాలోంచి సగం పెట్టింది.

ఇంకోటి. మొన్న సాయంత్రం బస్సు స్టాపులో ఉండగా వాన దంచింది. ఒక్కసారిగా అందరూ గొడుగులు తెరిచారు. నేను మనుషుల మొహాలు చూడటం మానేసి ఊచలు చూస్తూ నిలబడ్డాను. మా ఫ్యాక్టరీ గొడుగు కింద ఒక ముసలావిడ మనవరాలిని దగ్గరకు లాక్కుని నిలబడితే నాకు ఎంత గర్వమేసిందో. ఆ పక్కనే ఒకాయన గొడుగు కొన ఊడి గుడ్డ తపతపా కొట్టుకుంటోంది. మాది కాదు. అయినా ఊరుకోలేక "కాస్త ఇలా పట్టుకోండి" అని అక్కడే కుట్టేశాను. ఈలోగా ఆయన బస్సు వెళ్ళిపోయింది. నవ్వాడు గానీ లోపల ఎన్ని తిట్టుకున్నాడో.

ఇక చెడ్డ కబురు. నా బల్ల మీద నుంచి దొంగలు దాటాయి. ఒకటి కాదు, చాలా. భూతద్దం నన్ను పిలిచి మూతలు తిప్పి ఎర్రచుక్కలు చూపించారు. "గుడ్డ దొంగలన్నీ పట్టుకుంటావు. ఊచ వంగినా పట్టుకుంటావు. కొన వదులుగా ఉన్నవి మాత్రం నీకు కనపడనే కనపడవేం?" అని అడిగారు. ఒట్టేసి చెప్తున్నాను, కొన వదులుగా ఉన్న గొడుగు ఒక్కటి కూడా నా చేతి మీదుగా బయటికి వెళ్ళలేదు. అలా వెళ్తే నాకు ఆ రోజు అన్నం సయించదు. మరి ఆ చుక్కలు ఎలా వచ్చాయి? ఎవరైనా నా కట్టలో కలుపుతున్నారా అని కూడా అనిపించింది. అలా అనుకున్నందుకు నా మీద నాకే రోత పుట్టింది.

ఈ పని నాకు కావాలి వదినా. జీతం కోసమే కాదు. ఇందులో నేను పనికొస్తానని మొదటిసారి అనిపించింది.

గుండీ ఏమైంది?

నీ ఆడపడుచు

జూలై 19

పిచ్చిపిల్లకి,

కళ్ళు తుడుచుకుని చదువు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నువ్వెందుకు భయపడతావు? నువ్వు చూశానన్నావంటే చూసినట్టే. చిన్నప్పుడు నా కుట్టులో ఒక్క పోగు తప్పితే "వదినా, ఇక్కడ" అని వేలు పెట్టి చూపించేదానివి. లోపం ఆయన భూతద్దంలోనే ఉందేమో, మార్చుకోమను.

నా దొంగల సంగతి అడిగావు. ఏం చెప్పను? అన్నీ బోర్లా పడ్డాయి.

గళ్ళచొక్కా వేసుకుని బడికెళ్ళారు. సాయంత్రం ఉతకడానికి తీస్తే గుండీ ఉంది. నేనే పొరపాటున వేరే చొక్కాకి తెంపి ఉంటాననుకున్నాను. సరే, ఇక తప్పించుకోలేనిది పెడదామని టీలో పంచదార వేయకుండా ఇచ్చాను. పేపరు చదువుతూ చుక్క మిగల్చకుండా తాగేసి గ్లాసు కూడా కడిగి పెట్టారు. మర్నాడూ అంతే. వారం రోజులు ఉత్త కషాయం తాగి, ఒక్కరోజు కూడా "ఇదేమిటే" అనలేదు. గోడ గడియారం ముందుకు తిప్పి పెట్టాను. మధ్యాహ్నానికి అది సరైన టైమే చూపిస్తోంది. దానికి కూడా నా మీద జాలి కలిగి దానంతటదే సర్దుకుందేమో!

నవ్వుతున్నావు కదూ? నేనూ మొదట నవ్వాను. నాలుగో రోజు టీ గ్లాసు అందిస్తుంటే మాత్రం ఏడుపొచ్చింది. రేపు నేను విషం కలిపి ఇచ్చినా ఈయన పేపరు మడిచి గ్లాసు కడిగి పెడతారు. నేను ఏం పెడుతున్నానో, ఎలా ఉన్నానో చూడని మనిషికి నేనుండి ఏం లాభం?

నీ సంగతి ఆయనకి చెప్పాను. విని, "దాన్ని వచ్చేయమని రాయి" అన్నారు. అంతే, ఇంకొక్క మాట లేదు. నీకు ఆ పని చేతకాదనుకుంటున్నారో ఏమో నాకేం తెలుసు. చెప్పమన్నారు, చెప్పాను.

మీ వదిన

ఆగస్టు 4

వదినా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నయ్య మీద కోపంతో కుతకుతలాడాను. చేతకాదనుకుంటున్నాడా? చిన్నప్పుడు చక్రవడ్డీ లెక్కలు నేర్పుతూ "నీకు రానిదేముందే" అన్న అన్నయ్యేనా అనుకున్నాను.

ఇక్కడ నా పరిస్థితి ఇంకా దిగజారింది. భూతద్దం నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి పంపించారు. ఆయన నాతో చీమ తలకాయంత అక్షరాలు చదివించి, "నీ కళ్ళు నాకిచ్చి నావి నువ్వు తీసుకో" అన్నాడు. ఆ చీటీ చూపిస్తే భూతద్దం ఇంకా దిగులుపడ్డారు. "కళ్ళు బాగుండి కూడా చూడకపోతే నేనేం చెయ్యను? నెలాఖరులోపు ఇంకొక్క కొన దొంగ దాటిందా, నా చేతుల్లో ఏమీ ఉండదు" అన్నారు. కసిరి ఉంటే బాగుండేది. మెత్తగా చెప్పారు.

ఈ గొడవలో ఉండగా ఇవాళ పొద్దున అన్నయ్య దగ్గర నుంచి కార్డు వచ్చింది. వాడు నాకు రాయడం నువ్వెప్పుడైనా చూశావా? నీకు చెప్పొద్దని కింద గీత గీసి మరీ రాశాడు. నేను చెప్తున్నాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను చూడు.

"చెల్లీ, మీ వదినకి ఈ మధ్య పరధ్యానం ఎక్కువైంది. చొక్కాకి గుండీ లేకుండా ఇస్త్రీ చేసింది. బడిలో ఆయా దగ్గర సూది అడిగి కుట్టుకున్నాను. టీలో పంచదార మరిచిపోతోంది. అడిగితే చిన్నబుచ్చుకుంటుందని తాగేస్తున్నాను. గడియారం తప్పు తిప్పింది, నేను సరిచేశాను. ఆ మిషను ముందు కూర్చుని కూర్చుని కళ్ళు దెబ్బతిన్నాయేమో, లేక ఇంకేదైనా పెద్ద జబ్బో నాకు తెలియడం లేదు. డాక్టరు మాట ఎత్తడానికి భయంగా ఉంది. నువ్వు వచ్చి కొన్నాళ్ళు దానితో ఉంటే ధైర్యంగా ఉంటుంది. నీ ఉద్యోగం పాడుచేయమనడం నాకూ ఇష్టం లేదు. వేరే దారి తోచక రాస్తున్నాను."

విన్నావా? అన్నీ చూశాడు నీ మొగుడు. ఒక్క దొంగ కూడా దాటలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఇది చదివి నేను పొట్ట పట్టుకుని నవ్వాను. పక్కబల్ల అక్క ఏమిటంటే చెప్పాను. "చూసినవాడు నోరు తెరిచి చెప్పొచ్చు కదక్కా! గుట్టుగా తనే కుట్టేసుకుంటే వదినకి ఎలా తెలుస్తుంది?" అని అన్నయ్యని తిట్టాను కూడా. గంట కొట్టారు. బల్ల దగ్గర కూర్చున్నాను. మొదటి గొడుగు తెరిచాను. ఒక కొన వదులుగా ఉంది. చెయ్యి దానంతటదే కాలరు వెనక్కి పోయింది, సూది తీసింది, రెండు చుట్లు చుట్టి ముడేసింది, దారం పళ్ళతో తెంపి గొడుగు కుడివైపు పెట్టాను.

పెట్టాక ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది వదినా.

వచ్చిన రోజు నుంచీ ఇదే చేస్తున్నాను. గుడ్డకి కన్నముంటే నేను బాగుచేయలేను కాబట్టి కేకేశాను. కొన వదులైతే కట్టేయడం నాకు ఒక తప్పును దాచడంలా అనిపించనే లేదు. పనిలో భాగమే అనుకున్నాను. చూడమన్నారు గానీ కుట్టమని ఎవరూ చెప్పలేదు. అన్నయ్యా నేనూ ఒక్క తల్లి బిడ్డలమని ఇంతకంటే రుజువేం కావాలి?

రేపు వెళ్ళి భూతద్దానికి చెప్తాను. సాకు చెప్తున్నానంటారేమో. కుట్టినందుకే పంపేస్తారేమో. చెప్పకుండా మాత్రం ఉండలేను.

నీ ఆడపడుచు

ఆగస్టు 12

అమ్మడూ,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని నేను మొదట చేసిన పని గళ్ళచొక్కా వెతకడం. రెండో గుండీ నల్లదారంతో కుట్టి ఉంది, మిగతావన్నీ తెల్లదారం. కుట్టు చూస్తే కోడి కెలికినట్టుంది. ఊరందరి బట్టలూ కుట్టేదాన్ని, నా చేతులతో ఉతికి ఆరేసి, అది నా కుట్టు కాదని చూడలేకపోయాను. ఎవరితో చెప్పుకోను?

ఆయనకి ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పబోతే సిగ్గు ముంచుకొచ్చింది. ఇన్నాళ్ళ కాపురం తర్వాత సిగ్గేమిటని నవ్వకు. ఇవాళ టీలో పంచదార వేసి ఇచ్చాను. ఒక గుటక తాగి, గ్లాసు దించి, నా మొహంలోకి చూసి హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలారు. జబ్బు తగ్గుతోందనుకున్నారు పాపం! నేను వంటింట్లోకి పారిపోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను. నవ్వో ఏడుపో నాకే తెలియలేదు.

నా మాట పక్కన పెట్టు. భూతద్దం ఏమన్నారు? ఉంచారా, పంపారా? తిడితే తిట్టించుకో. పంపేస్తే వచ్చేయ్, ఇక్కడ నీకు మిషను ఉంది, నేనున్నాను. కానీ ఉంచాలని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. వెంటనే రాయి.

మీ వదిన

సెప్టెంబరు 10

వదినా,

వెంటనే రాయమంటే నెల పట్టింది. ఏ సంగతీ తేలకుండా రాసి నిన్ను ఉరి మీద నిలబెట్టడం ఇష్టం లేక ఆగాను.

నీకు రాసిన మర్నాడే వెళ్ళి చెప్పాను. భూతద్దం "అలాగా" అని లేచి ఇనప బీరువా తీశారు. దొరికిపోయిన దొంగలూ దాటిపోయిన దొంగలూ అందులోనే ఉంటాయి. నా బల్ల దాటినవి ఏరి ఒక్కొక్కటీ తెరిచారు. అన్ని కొనలూ బిగువుగా ఉన్నాయి. అన్నిటికీ నువ్వు నేర్పిన రెండు చుట్ల ముడే. ఆయన కుర్చీలో కూలబడి, "చుక్క చూశాను గానీ ఒక్కసారైనా తెరిచి చూడలేదు" అన్నారు. నా ప్రాణం లేచొచ్చింది. గండం గడిచిందనుకున్నాను.

గడవలేదు. ఒక్క నిమిషం తర్వాత ఆయన మొహం మారిపోయింది. "ఎన్నాళ్ళ నుంచి కడుతున్నావు?"

"మొదటి నుంచీ."

"ఎన్ని కట్టి ఉంటావు?"

"లెక్క లేదండీ."

"దొంగలు కాకుండా, మామూలువి కూడా?"

"ఊఁ."

అప్పుడు తిట్టారు వదినా. ఆయన గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. కొనలు కట్టే దారం కొత్తగా తెప్పించారట, అది జారుడుగా ఉంది. మా దగ్గర బిగువుగా కనపడినవి కూడా ఓ రెండు వానలు తగిలితే ఊడిపోతున్నాయి. దుకాణాల నుంచి గొడుగులు తిరిగి వస్తున్నాయి. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. మా వరసలో ఎక్కువ గొడుగులు చూసేది నేను. నా ఎర్ర బుట్టలో కొన వదులైనది ఒక్కటీ లేకపోతే దారం బాగోలేదని ఎవరు అనుకుంటారు? "నువ్వు బాగుచేసింది గొడుగులు. నోరు తెరిచి ఉంటే దారమే మారేది" అన్నారు. నేను తల దించుకుని నిలబడ్డాను. బస్సు స్టాపులో ఆ ముసలావిడ, మనవరాలు గుర్తొచ్చారు. వాళ్ళ గొడుగు కొనలు ఇప్పుడు ఎలా ఉన్నాయో.

సూది తీసేసుకున్నారు. పంపలేదు. నెలాఖరు గడువు అలాగే ఉంచి ఒక షరతు పెట్టారు. లోపం కనపడితే చెయ్యి కదపకూడదు, "బాగోలేదు" అని పక్కబల్లకి వినపడేలా అనాలి. ఇంతేనా అనుకున్నాను. మొదటి రోజు గొంతులోంచి పిల్లి కూత వచ్చింది. కొనలు కట్టే ఆడవాళ్ళు మా హాలు పక్కన అద్దాల గోడ అవతలే కూర్చుంటారు. వాళ్ళు చేసింది బాగోలేదని వాళ్ళ ఎదుటే అనాలంటే నా నాలుక మడతపడింది. వాళ్ళలో ఒకావిడ రెండో రోజు నా దగ్గరకొచ్చింది. తిడుతుందనుకున్నాను. "దారం జారుతోందని మేం చెప్తే ఎవరూ వినలేదు. నువ్వు అను, ఇంకాస్త గట్టిగా అను" అంది. ఆ తర్వాత నా గొంతుకి అడ్డే లేదు. పక్కబల్ల అక్క చెవిలో దూది పెట్టుకుంటానని బెదిరిస్తోంది.

దారం మారింది. ఆ తర్వాత నెలాఖరుదాకా ఒక్క దొంగ కూడా దాటలేదు. నిన్న భూతద్దం వచ్చి, "వానాకాలం అయ్యేదాకా ఎందుకులే, ఇప్పుడే ఉంచుకుంటున్నాం" అని చెప్పి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక నేను తెరిచిన గొడుగు మూయడం మరిచిపోయి దాని కింద కూర్చుని ఏడ్చాను. సంతోషంగానే.

అన్నయ్యకి చెప్పేశావా, ఇంకా సిగ్గేనా?

మీ ఉద్యోగస్తురాలు

సెప్టెంబరు 22

మా ఇంటి గొంతుకి,

నీ ఉత్తరం మీ అన్నగారికి పైకి చదివి వినిపించాను. "ఇప్పుడే ఉంచుకుంటున్నాం" దగ్గరికి రాగానే, "దానికి రానిదేముంది" అన్నారు. ఆ మాట నీకు రాయమని చెప్పలేదు గానీ రాస్తున్నాను.

చివర నువ్వడిగిన "చెప్పేశావా" కూడా పైకి చదివేశాను కాబట్టి ఇక దాచేదేం లేదని, గుండీ దగ్గర నుంచి గడియారం దాకా పూసగుచ్చినట్టు చెప్పేశాను. కోప్పడతారనుకున్నాను. స్టూలు మీద కూర్చుని తువ్వాలుతో మొహం కప్పుకున్నారు. "అయితే నీకేం జబ్బు లేదన్నమాట" అన్నారు లోపల నుంచి. పిల్లా, నేను ఆటలాడుతూ కూర్చుంటే ఆ మనిషి రెండు నెలలు భయంతో బతికారు.

"అన్నీ చూస్తూ ఒక్కమాటైనా అనరేం? పసుపు తెరల గురించి కూడా అనలేదు" అని అడిగాను.

"పొద్దుట నుంచి సాయంత్రం దాకా పిల్లల తప్పులే పట్టి వస్తాను. ఇంటికొచ్చాక కూడా అదే పనైతే నీకు మొగుడుండడు, మాస్టారుంటాడు" అన్నారు. "తెరల సంగతంటావా, నీలం వాటితో వెలుతురు చాలక కళ్ళు చికిలించి సూదిలో దారం ఎక్కించేదానివి. పసుపు వేశాక చికిలించడం లేదు. అదే చెప్పాను, వెలుతురు బాగుందని."

అదీ సంగతి. ఇన్నేళ్ళూ నన్నెవరూ చూడటం లేదని కుమిలిపోయాను. నాకు చాలా సంతోషంగా ఉంది. ఇంతకంటే ఎలా రాయాలో నాకు రాదు.

అయినా నా నోరు ఊరుకుంటుందా? "ఇక మీదట కుదరదు. మా ఆడపడుచు ఫ్యాక్టరీలో అన్నట్టు మీరూ అనాలి. నేను చేసేవాటిలో బాగోలేనిది ఒక్కటి చెప్పండి. పక్కింటికి వినపడాలి" అన్నాను. చెప్పాలా వద్దా అని నా మొహం చూశారు.

"ఎడమ చెయ్యి పొట్టి."

"ఎవరిది?"

"చొక్కాది. నువ్వు నాకు కుట్టే చొక్కాలన్నిటికీ."

అరికాలి మంట నెత్తికెక్కింది. నా కుట్టుకి వంక పెడతారా? ఉన్న చొక్కాలన్నీ తెచ్చి మంచం మీద పరిచి టేపు పెట్టి కొలిచాను. రెండు చేతులకీ వెంట్రుకవాసి తేడా లేదు. "చూశారా?" అన్నాను. ఆయన ఒక చొక్కా తొడుక్కుని రెండు చేతులూ ముందుకు చాపి నిలబడ్డారు. కుడి మణికట్టు గుడ్డ కింద ఉంది. ఎడమది బయటికి వచ్చేసింది. ఆయన చెయ్యే పొడుగు. ఎప్పుడూ చేతులు మడిచి వేసుకుంటుంటే మాస్టారి షోకనుకున్నాను.

పెళ్ళైన కొత్తలో ఒక్కసారి కొలిచాను ఆయన్ని. సిగ్గుకొద్దీ కుడిచెయ్యి ఒక్కటే కొలిచి, రెండోదీ అంతే ఉంటుందిలే అనుకున్నాను. ఆ కొలతతోనే ఇన్నాళ్ళూ కత్తిరిస్తున్నాను.

ఈ పొద్దున టేపు తీసుకుని మళ్ళీ కొలిచాను. మెడ, భుజం, ఛాతీ, కుడిచెయ్యి, ఎడమచెయ్యి. బడికి వేళవుతోందన్నారు. కదలకండి అన్నాను.

మీ వదిన